అపోహలు - వాస్తవాలు: లాహ్తిలో ఒక శనివారం, ఒక మూకుడు నూనె

సంక్రాంతి వెళ్లిన వారం. చదువుకోవడానికి ఫిన్లాండ్ వచ్చి ఐదు నెలలైన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, రూమ్‌లో అందరం కలిసి అరిసెలు, గారెలు వండుకున్నాం. మూకుడు నిండా నూనె మిగిలింది. బాగా మరిగిన నీళ్లు కలిపి సింకులో పోసేస్తే పోతుంది కదా?" వద్దని ఆపాను. శనివారం క్లాసులు లేవన్నాడు కాబట్టి, ఊరు చూపిస్తాను రమ్మన్నాను.

మా ఊరు లాహ్తి, హెల్సింకికి ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరం. రైల్లో గంట. జనాభా లక్షా ఇరవై వేలు. 2021లో యూరప్ హరిత రాజధానిగా గుర్తింపు వచ్చింది. నేను ఇక్కడ పర్యావరణ ఇంజినీర్‌ని, నా పనంతా చెత్తతోనే. ఆ గుర్తింపు గురించి చదివి వచ్చే మన పిల్లలు కొన్ని నమ్మకాలు వెంట తెచ్చుకుంటారు. ఆ రోజు అతను అడిగినవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వేడినీళ్లతో పోస్తే నూనె కొట్టుకుపోతుంది.

నీళ్ల వేడి సింకు దాటి కొంత దూరం వరకే. ఆ తర్వాత పైపులో నూనె చల్లబడి గోడలకు అంటుకుంటుంది. మెతుకులు, టిష్యూలు దానికి పట్టుకుని గట్టిపడతాయి. ఒక ఇంట్లో పోసిన నూనె మొత్తం బిల్డింగ్ పైపుకు అడ్డం పడొచ్చు. మూకుడుకు అంటిన కాస్త నూనెను కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని 'బియోయాతె' డబ్బాలో, అంటే తడి చెత్తలో వేయండి. ఎక్కువ మిగిలితే చల్లారనిచ్చి, మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి 'సెకాయాతె'లో, అంటే దేనిలోకీ చేరని మిగతా చెత్తలో వేయాలి.

అపోహ: మనం ఎంత వేరుచేసినా చివరికి అన్నీ కలిపి కాల్చేస్తారు.

నేను ఎక్కువగా వినేది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. అతని బిల్డింగ్ కింద చెత్త గదిలోనే నిలబడి మాట్లాడుకున్నాం. తడి చెత్త ఊరి అంచున ఉన్న కుయాలా కేంద్రానికి వెళ్లి బయోగ్యాస్, ఎరువు అవుతుంది. పేపరు, అట్ట, గాజు, లోహం దేని దారిన అవి ఫ్యాక్టరీలకు పోతాయి. కాల్చేది ప్రధానంగా సెకాయాతెనే. దేశంలో 2016 నుంచి కుళ్లే చెత్తను గుట్టలుగా పూడ్చిపెట్టడం నిషేధం, కాబట్టి మిగిలినదానికి ఏదో ఒక దారి చూపక తప్పదు.

అయితే తప్పు డబ్బాలో పడ్డ వస్తువు పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. ఆవకాయ సీసాను చన్నీళ్లతో కడిగి గాజు డబ్బాలో వేయొచ్చు. పగిలిన టీ గ్లాసు మాత్రం అందులో వేయకూడదు, అది కరిగే వేడి వేరు. ప్లాస్టిక్ డబ్బా ప్యాకింగులకే, విరిగిన బకెట్‌కు కాదు. ప్యాకింగే అయినా 03 అంకె ఉన్న పీవీసీ అందులోకి రాదు.

పీవీసీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఊళ్లో క్యుమియార్వి అనే చోట విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. అక్కడ 2012లో మొదలైన రెండో కేంద్రం, రీసైక్లింగ్‌కు పనికిరాని చెత్తను శుద్ధిచేసి తయారుచేసిన ఇంధనంతో నడుస్తుంది. ఆ ఇంధనాన్ని నేరుగా మండించరు. 850 డిగ్రీలు దాటిన వేడిలో, గాలి తక్కువ ఇచ్చి, ముందు గ్యాస్‌గా మారుస్తారు. ఆ గ్యాస్‌ను 400 డిగ్రీల దాకా చల్లార్చి, వడకట్టి, అప్పుడు మండిస్తారు. ఇంత శ్రమ ఎందుకంటే, చెత్తలోని క్లోరిన్, క్షారాలు బాయిలర్ గొట్టాలను తినేస్తాయి. చల్లార్చినప్పుడు అవి గట్టిపడి వడపోతలో దొరుకుతాయి. పీవీసీ నిండా క్లోరినే. ప్లాస్టిక్ డబ్బాలో పడితే పక్కనున్న మంచి ప్లాస్టిక్‌నూ పాడుచేస్తుంది. అందుకే ఆ చిన్న అంకె చూడమని ఇంతగా బతిమాలుతున్నాను.

అపోహ: గదిలో హీటర్ కరెంటుతో నడుస్తుంది, బిల్లు అద్దెలోనే ఉంది కాబట్టి కిటికీ తెరిచి ఉంచినా నష్టం లేదు.

ఇక్కడి ఫ్లాట్లలో కిటికీ కింద కనిపించే రేడియేటర్‌లో చాలావరకు తిరిగేది వేడినీళ్లు. విద్యుత్ కేంద్రంలో కరెంటు తీశాక మిగిలే వేడిని నీళ్లలోకి ఎక్కించి, రోడ్ల కింద పైపుల్లో ఇళ్లకు పంపుతారు. చలిని బట్టి ఆ నీళ్లు 65 నుంచి 115 డిగ్రీల మధ్య ఉంటాయి. బిల్డింగ్ అడుగున వేడిని దించేసి ఇంకో పైపులో వెనక్కి వెళ్తాయి. దీన్ని 'కౌకోలాంపో' అంటారు, దూరపు వేడి. దేశ జనాభాలో దాదాపు సగం మంది ఇళ్లు ఇలాగే వెచ్చబడతాయి.

తాలింపు ఘాటుకు పొగ అలారం మోగుతుందని మనవాళ్లు కిటికీని సందు పెట్టి గంటల తరబడి వదిలేస్తారు. ఆ చల్లగాలి రేడియేటర్ వాల్వ్‌కు తగిలి, గది చల్లబడిందనుకుని అది ఇంకా వేడినీళ్లు లాగుతుంది. పొయ్యి మీద ఫ్యాన్ వేసుకోండి. అవసరమైతే కిటికీ ఐదు నిమిషాలు బార్లా తెరిచి మూసేయండి. గది 21 డిగ్రీలుంటే చాలు. ఒక్క డిగ్రీ తగ్గిస్తే వేడి ఖర్చు సుమారు 5 శాతం తగ్గుతుంది.

అపోహ: బొగ్గు మానేశారు కాబట్టి ఇక్కడి గాలికి, వాతావరణానికి ఏ లోటూ లేదు.

లాహ్తి 2019లో బొగ్గు మానేసింది, అది నిజం. దేశమంతటా 2029 మే నుంచి కరెంటుకు, వేడికి బొగ్గు వాడకూడదని చట్టం ఉంది. బొగ్గు స్థానంలో ఇక్కడ వచ్చిన కొత్త కేంద్రం కట్టెతో నడుస్తుంది. రంపపు మిల్లుల్లో, అడవి నరికిన చోట మిగిలే ముక్కలు అందులోకి పోతాయి. కొమ్మలు, పొట్టు అయితే సరే. కానీ నరికివేత పెరిగిపోవడం వల్ల ఇటీవలి లెక్కల్లో ఈ దేశపు అడవులు, నేలలు కలిపి పీల్చుకునే కార్బన్ కంటే వదిలేదే ఎక్కువ అవుతోంది. కట్టె కాబట్టి పాపం లేదనడం నాకు సమ్మతం కాదు, ఈ రంగంలో ఉండి కూడా.

అపోహ: వీళ్ల ఊళ్లు మొదటి నుంచీ శుభ్రం.

మధ్యాహ్నం వెసియార్వి చెరువు గట్టుకు వెళ్లాం. నీళ్లన్నీ గడ్డకట్టి ఉన్నాయి, మంచు మీద జనం నడుస్తున్నారు. చెరువు అన్నాను గానీ చాలా పెద్దది. 1976 దాకా ఊరి మురుగు ఇందులోకే వచ్చేది. మురుగు ఆపాక కూడా వేసవిలో విషపు నాచు తేలడం ఆగలేదు, ఎందుకంటే అప్పటికే అడుగున భాస్వరం పేరుకుపోయింది. పైగా చిన్న చేపలు విపరీతంగా పెరిగి, నాచును తినే సూక్ష్మజీవులను తినేశాయి. దాంతో 1989 నుంచి 1993 వరకు వలలతో వెయ్యి టన్నులకు పైగా చేపలు పట్టి బయటకు తీశారు. అప్పుడు నీళ్లు తేరుకున్నాయి. ఈ రోజుకీ ఆ చెరువును కనిపెట్టుకునే ఉండాలి. మూసీ గురించి ఇక ఏం లాభం అనే మన పిల్లలకు నేను ముందు ఈ గట్టు చూపిస్తాను.

అపోహ: ఖాళీ సీసాలు ఏరడం, పాత బట్టలు కొనడం పరువు తక్కువ.

కూల్‌డ్రింక్ డబ్బాకు 15 సెంట్లు, ఒకటిన్నర లీటరు ప్లాస్టిక్ సీసాకు 40 సెంట్లు కొనేటప్పుడే డిపాజిట్ కడతాం. షాపులో మెషీన్‌లో వేస్తే తిరిగి వస్తుంది. పది సీసాల్లో తొమ్మిదికి పైగా వెనక్కి చేరడానికి కారణం ఆ చిల్లరే. 'కిర్పుతోరి' అంటే పాత సామాన్ల సంత. ప్రొఫెసర్లు కూడా అక్కడే కోట్లు కొంటారు. మా తమ్ముడికి అక్కడే మంచి ఉన్ని కోటు దొరికింది.

అపోహ: ఇక్కడివాళ్ల జీవితం మనవాళ్ల కంటే పర్యావరణానికి మేలు.

సగటు ఫిన్లాండ్ వాసి జీవనం వల్ల ఏడాదికి సుమారు 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు గాలిలోకి పోతాయి. సగటు భారతీయుడిది అందులో మూడో వంతు కంటే తక్కువే. ఇక్కడ గొప్పగా ఉన్నది ఏర్పాట్లు, అంటే రోడ్డు కింద పైపు, చెత్త గది, డిపాజిట్ మెషీన్. మాంసం, కారు, పెద్ద ఇల్లు, సెలవులకు విమానం మాత్రం మనకంటే చాలా ఎక్కువ. మనం ఏటా ఇంటికి వెళ్లి వచ్చే విమానం కూడా సీసాలు, డబ్బాలతో మిగిల్చినదాన్ని మింగేస్తుంది. అమ్మను చూడ్డానికి వెళ్లొద్దని ఎవరికీ చెప్పను. నేను మాత్రం రెండేళ్లకోసారి వెళ్లి, నెలన్నర ఉండి వస్తున్నాను.

సాయంత్రం అతని రూమ్‌కు తిరిగొచ్చాం. నూనెను వడకట్టి సీసాలో పోశాడు. తడి చెత్తకు సంచీ కావాలి. ఇక్కడివాళ్లు పాత పేపరును మడిచి తామే చేసుకుంటారని చెప్పి, ఎలా మడవాలో చూపించబోయాను. అతను నా చేతిలోంచి పేపరు తీసుకున్నాడు. వాళ్ల తాతగారిది కిరాణా కొట్టట, చిన్నప్పుడు సెలవుల్లో శనగపప్పు పొట్లాలు కట్టేవాడట. రెండు మడతల్లో అడుగు గట్టిగా నిలిచిన సంచీ తయారైంది. కరివేపాకు రెబ్బలు, చింతపండు పిప్పి అందులో వేసి కిందికి తీసుకెళ్లాడు.