విశాఖ గుహల్లో నూనె, వరంగల్ బంకులో ధర

డీజిల్ పెరిగినప్పుడల్లా ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాక్టర్ల దగ్గర ఒక మాట వినబడుతుంది. "వైజాగ్‌ల భూమి కింద నూనె దాసిపెట్టిండ్రట గదా అన్నా, ఇప్పుడు తియ్యకుంటే ఇంకెప్పుడు తీస్తరు?" అడగాల్సిన ప్రశ్నే. విశాఖలో భూమి కింది గుహల్లో నూనె, అంటే ముడి చమురు, ఉన్న మాట నిజం. కాకపోతే దాన్ని దాచింది ధర తగ్గించడానికి కాదు.

ఈ దాచుకోవడం 1973లో పుట్టిన భయం. ఆ అక్టోబరులో ఇజ్రాయెల్‌తో యుద్ధం మొదలవగానే ఇజ్రాయెల్‌కు అండగా నిలిచిన అమెరికాకు అరబ్ దేశాలు నూనె ఆపేశాయి. బ్యారెల్ మూడు డాలర్లు ఉన్నది, కొన్ని నెలల్లోనే 12 దగ్గరికి చేరింది. ఆ దెబ్బకు 1974లో అంతర్జాతీయ ఇంధన సంస్థ పుట్టింది. దిగుమతుల మీద బతికే సభ్య దేశాలు 90 రోజులకు సరిపడా నిల్వ ఉంచాలని నియమం పెట్టుకున్నాయి. అమెరికా 1975లో చట్టం చేసి, టెక్సస్, లూసియానాల్లో ఉప్పు పొరలను తొలిచి 70 కోట్ల బ్యారెళ్లు పట్టే గుహలు కట్టుకుంది. సరఫరా తెగితేనే తీయాలన్నది ఉద్దేశం. తెగిందా లేదా అని తేల్చే పని మాత్రం అధ్యక్షుడికి వదిలారు. రాజకీయం దూరింది ఆ సందులోనే.

1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైన రోజు అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ నిల్వలు తీయమన్నాడు. మర్నాడే బ్యారెల్ పది డాలర్లకు పైగా పడిపోయింది. ఇందులో నిల్వల మహిమ ఎంతో, సౌదీ బావులకు ఏమీ కాదన్న ధీమా ఎంతో విడదీసి చెప్పలేం. చివరికి అమ్మింది 1.73 కోట్ల బ్యారెళ్లే. 2000 సెప్టెంబరులో మాత్రం యుద్ధమూ లేదు, తుపానూ లేదు. ఉన్నది ఎన్నిక. అందులో పోటీ చేస్తున్న ఉపాధ్యక్షుడు అల్ గోర్ బహిరంగంగా అడిగిన మర్నాడు అధ్యక్షుడు క్లింటన్ 3 కోట్ల బ్యారెళ్లు బదులుకిచ్చాడు, తర్వాత తిరిగి నింపాలన్న షరతు మీద. ఇది ఓట్ల కోసమేనని గోర్ ప్రత్యర్థి చిన్న బుష్ దుమ్మెత్తిపోశాడు.

అన్నిటికంటే పెద్ద తీత 2022లో. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత బైడెన్ ఆరు నెలల్లో 18 కోట్ల బ్యారెళ్లు వదులుతామన్నాడు. ఆ నవంబరులో అక్కడ ఎన్నికలు. మిత్రదేశాలు వదిలినది కూడా కలుపుకొని పెట్రోలు ధర గ్యాలన్‌కు 17 నుంచి 42 సెంట్ల దాకా తగ్గిందని వాళ్ల ఆర్థిక శాఖే లెక్క చెప్పింది. లీటరుకు మన రూపాయల్లో మూడున్నర నుంచి తొమ్మిది. తక్కువేమీ కాదు. కానీ మరుసటి ఏడాదికి గుహల్లో మిగిలింది దాదాపు 35 కోట్ల బ్యారెళ్లు. నలభై ఏళ్లలో అంత తక్కువ ఎప్పుడూ లేదు.

ఇక మన కథ. 1973 నవంబరులో పెట్రోలు ధరకు నిరసనగా వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చాడు. పాతికేళ్ల తర్వాత మన దేశానికి నూనె నిల్వలు కావాలన్న ఆలోచన ముందుకొచ్చింది ఆయన ప్రభుత్వంలోనే. మధ్యలో 1990 గల్ఫ్ సంక్షోభం. నూనె బిల్లు మోయలేక దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకే డాలర్లు మిగిలాయి. ఆ ఖజానా తాళాలే 1991 జూన్‌లో మన వంగర పీవీ చేతికి వచ్చాయి. అయినా నిల్వల సంస్థ ఏర్పడింది 2004లో. విశాఖ గుహ సిద్ధమైంది 2015లో. కర్ణాటకలోని మంగళూరు, పాదూరు గుహలు కలుపుకొని మొత్తం 53.3 లక్షల టన్నులు పడుతుంది. నిండా ఉంటే, 2019-20 వాడకం లెక్కన, దేశానికి తొమ్మిదిన్నర రోజులు.

2020 లాక్‌డౌన్‌లో బ్యారెల్ 19 డాలర్ల లెక్కన వీటిని నింపి, రూ.5,000 కోట్లు మిగిల్చామని కేంద్రం చెప్పుకుంది. మంచి బేరమే. కాకపోతే అదే మే నెలలో లీటరు పెట్రోలు మీద కేంద్రం వేసే ఎక్సైజు పన్ను రూ.32.98కి ఎక్కింది. చవక నూనె గుహలోకి పోయింది, బంకు దాకా రాలేదు.

2021 నవంబరులో అమెరికాతో కలిసి మనమూ 50 లక్షల బ్యారెళ్లు వదులుతామని ప్రకటించాం. అప్పట్లో దేశం ఒక్క రోజులో కాల్చేది సుమారు అంత. ఒక్క రోజు నూనెతో ప్రపంచ మార్కెట్ కదులుతుందా? ఆ నెలలో ధర తగ్గిన మాట నిజమే, అది ఎక్సైజు కోతతో. పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 రూపాయలు. ఇక్కడ పెట్రోలుకు 35.2 శాతం, డీజిల్‌కు 27 శాతం వ్యాట్ వేసే రాష్ట్ర ప్రభుత్వం తన వంతు కోయనంది. ముందు కేంద్రం సెస్సులు తీసేయాలంది. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూనే ఉన్నారు. ఒకసారి పెరిగిన దుక్కి కిరాయి డీజిల్ తగ్గిందని దిగడం మాత్రం నేనైతే చూడలేదు.

2017 నుంచి ధర రోజూ మారాలి, కంపెనీలే నిర్ణయించాలి. అయినా ఆ కోత తర్వాత నాలుగున్నర నెలలు ఎక్సైజు గానీ, కంపెనీల రేటు గానీ కదల్లేదు. బయట బ్యారెల్ వంద డాలర్లు దాటినా అంతే. ఆ మధ్యలోనే ఉత్తరప్రదేశ్ ఎన్నికలు అయిపోయాయి. 2022 మార్చి 10న ఫలితాలు, 22 నుంచి బాదుడు. పదహారు రోజుల్లో లీటరుకు పది రూపాయలు. హైదరాబాద్‌లో పెట్రోలు రూ.119, డీజిల్ రూ.105 దాటేశాయి. అప్పటికి ఇక్కడ యాసంగి వరి కోతకొచ్చింది, మిషన్లు పొలాల్లోకి దిగుతున్నాయి.