ఆడపిల్లల గొంతు మార్పు ఇన్నాళ్లూ ఎందుకు వినిపించలేదు?

పదమూడేళ్ల అబ్బాయి గొంతు మాట మధ్యలో కీచుమంటే, వయసొస్తోందని అందరికీ తెలిసిపోతుంది. అదే వయసు అమ్మాయి పాటలో జీర వస్తే మాత్రం సాధన చాలట్లేదనో, సిగ్గుపడుతోందనో అంటారు. నిజానికి ఇద్దరిలోనూ పెరుగుతున్నది స్వరపేటికే.

అబ్బాయి గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే సరిగమపదని మొత్తం మేర, కిందికి దిగుతుంది. అమ్మాయిది రెండు మూడు స్వరాలు దిగితే ఎక్కువ. అసలు మార్పు శ్రుతిలో కన్నా గొంతు నాణ్యతలో తెలుస్తుంది. స్వరపేటికలో కంపించి శబ్దం పుట్టించే స్వరతంతువులను వెనుకవైపు దగ్గరికి చేర్చే కండరాలు, స్వరపేటిక ఎదిగినంత వేగంగా బలపడవు. తంతువులు కలుసుకున్నా వెనక చిన్న త్రికోణం లాంటి సందు మిగిలిపోతుంది. ఊపిరి అందులోంచి జారిపోతుంది. అందుకే పాట గాలిగాలిగా ఉంటుంది, చరణం పూర్తికాకముందే దమ్ము చాలదు, నిన్న సులువుగా అందిన పై స్వరం ఇవాళ అందదు. అప్పుడు "గట్టిగా పాడు" అని ఒత్తిడి పెడితే ఆ పిల్ల గొంతు బిగబట్టడం నేర్చుకుంటుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

ఈ పొరపాటు పాతదే. యూరప్ చర్చిల్లో శతాబ్దాల పాటు పై స్థాయి పాడింది మగపిల్లలు. వాళ్ల గొంతు మారితే బృందానికే నష్టం కాబట్టి, గొంతు మార్పు గురించిన ఆలోచనంతా వాళ్ల చుట్టూనే తిరిగింది. 1854లో గాత్ర గురువు మాన్యుయెల్ గార్సియా అద్దాల సాయంతో తన స్వరతంతువులను తానే చూశాడు. ఆ తర్వాత కూడా వాదన ఒక్కటే: గొంతు మారే రోజుల్లో అబ్బాయిలు పాడవచ్చా, కూడదా? 1970లలో అమెరికాలో బృందగాన గురువు జాన్ కుక్సీ అబ్బాయిల మార్పును దశలుగా విడదీశాడు. అమ్మాయిల దశలను వివరిస్తూ మరో బృందగాన గురువు లిన్ గాకిల్ రాసిన ప్రసిద్ధ వ్యాసం 1991లో గానీ రాలేదు.

ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ కెథడ్రల్ అనే పెద్ద చర్చి బాలికల గాన బృందాన్ని మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. మగపిల్లల గొంతులోని స్వచ్ఛత అమ్మాయిలకు రాదని అప్పట్లో చాలామంది గట్టిగా నమ్మారు. తర్వాత డేవిడ్ హోవర్డ్, గ్రాహం వెల్చ్ లాంటి పరిశోధకులు రికార్డింగులు వినిపించి, పాడింది అబ్బాయిలా అమ్మాయిలా అని శ్రోతలను అడిగారు. చాలాసార్లు పోల్చుకున్నా, పొరబడటమూ తక్కువేం కాదు. పాట మారితే తీర్పూ మారింది.

గాకిల్ దారిలో నడిచే గురువులు ఈ వయసు అమ్మాయి మీద పై గొంతు, కింది గొంతు అన్న ముద్ర వేయరు. ఒక పాటలో పై వరుస, ఇంకో పాటలో కింది వరుస పాడిస్తూ, గాలి తగ్గి గొంతు నిండేదాకా ఆగుతారు.