బస్సు మారితే డబ్బులు కట్టాలా? సిటీ బస్సుల్లో అపోహలు - వాస్తవాలు

"బాబూ, ఫ్రీ ఒక్క బస్సుకేనట గదా? మారితే డబ్బులట గదా?"

ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఫ్రీ ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనప్పటి నుంచి విశాఖ సిటీ సర్వీసులో కండక్టరుగా ఈ ప్రశ్న విని విని విసుగొచ్చింది. విసుగు అడిగినవాళ్ల మీద కాదు, ఈ పుకారు మోసుకొచ్చినవాళ్ల మీద.

ఎన్ని బస్సులు మారినా ఫ్రీయే. రోజుకు ఇన్నిసార్లని గానీ, ఇన్ని కిలోమీటర్లని గానీ లెక్క లేదు. పల్లెవెలుగులో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వచ్చి, సిటీ ఆర్డినరీలో జగదాంబ వెళ్లి, సాయంత్రం మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో గాజువాక వెళ్లినా పైసా కట్టక్కర్లేదు. ఎక్కిన ప్రతి బస్సులో గుర్తింపు కార్డు చూపించి కొత్త జీరో టికెట్, అంటే సున్నా రూపాయల టికెట్ తీసుకోవాలి, అంతే. "ఆ బస్సు టికెట్ ఇందులో చెల్లదమ్మా" అని మేం చెప్పిన మాటే ఊళ్లోకి వెళ్లేసరికి "రెండో బస్సుకి డబ్బులు" అయిపోయింది.

ఒకరోజు కాంప్లెక్స్‌లో ఒక పెద్దావిడ మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది. చీపురుపల్లి వైపు మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కేజీహెచ్ (విశాఖ పెద్దాసుపత్రి) ఓపీ చీటీ. అడిగితే తెలిసింది, మూడు నెలలుగా చూపించుకోవడానికి వస్తూ, పోతూ కాంప్లెక్స్‌కి, ఆసుపత్రికి మధ్య ఆటోకే ఇస్తోందట. "ఎక్కమ్మా, నీకు టికెట్ డబ్బుల్లేవు" అన్నా నమ్మకం కుదరలేదు. కొంగుముడి విప్పుతూనే ఉంది. టికెట్ కొట్టి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, "సున్నాయేనా బాబూ?" అంది. ఓపీ గేటు దగ్గర దిగేదాకా దాన్ని పిడికిట్లోనే పట్టుకుని కూర్చుంది. ఆ ఆటో డబ్బులు ఆవిడకి మందులకి పనికొచ్చేవి. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

"ఫ్రీ అయితే టికెట్ ఎందుకు?" అని విసుక్కోకండి. ఆ జీరో టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది. చెకింగ్ వచ్చినప్పుడు మీ చేతిలో టికెట్ లేకపోతే మీకూ ఇబ్బందే, మాకూ ఇబ్బందే.

ఆధారే ఉండాలన్న టెన్షన్ వద్దు, ఓటరు కార్డు, రేషన్ కార్డు కూడా పనిచేస్తాయి. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వైపు తిరిగే డబుల్ డెక్కర్ మాత్రం పర్యాటకుల బస్సు. దానికి ఫ్రీ లేదు, టికెట్ కొనాల్సిందే.

ఇంకొకటి, 900కె, 999 రెండూ భీమిలి బస్సులే గానీ దారులు వేరు. మొదటిది రుషికొండ మీదుగా బీచ్ రోడ్డులో వెళ్తుంది, రెండోది మధురవాడ మీదుగా. బోర్డు మీద భీమిలి అన్న పేరు చూసి ఎక్కేసి, మధురవాడ వచ్చాక "రుషికొండ రాలేదేంటి?" అని కంగారుపడేవాళ్లు ఎందరో. కార్డు చూపించేటప్పుడే దిగే స్టాప్ పేరు చెప్పండి. బస్సు అటు వెళ్లకపోతే అప్పుడే చెప్పేస్తాం, తర్వాతి స్టాప్‌లో దిగిపోవచ్చు.