గడప తొక్కిన మనిషి ఎందుకొచ్చినట్టు?

సాయం కోసం అర్జీ పెట్టుకున్న ఇంటికి ఎవరో ఒకరు వస్తారు. కాగితాలు చూస్తారు. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, అద్దె బాకీ ఎంత, కరెంటు బిల్లు ఎన్ని నెలలుగా కట్టలేదు అని అడిగి రాసుకుంటారు. వచ్చిన మనిషి ఆదుకోవడానికి వచ్చారా, ఆరా తీయడానికి వచ్చారా అన్నది ఆ ఇంటివాళ్లకి చివరిదాకా అంతుపట్టదు. ఈ టెన్షన్ నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఒక్కో కుటుంబం పరిస్థితిని విడిగా కనుక్కుని సాయం చేసే కేస్‌వర్క్ అనే పనే ఈ రెండింటి మధ్యా పుట్టింది.

పేదల పోషణకు ఊరివాళ్ల నుంచి పన్ను వసూలు చేయాలని ఇంగ్లండ్‌లో 1601 నాటి చట్టం చెప్పింది. ఖర్చు పెరిగిపోతోందన్న గోల మీద 1834లో దాన్ని బిగించారు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో, అంటే పేదల్ని ఉంచి పని చేయించే చోట, చేరాల్సిందే అన్నది ఆ మార్పు వెనక ఉన్న ఆలోచన. అక్కడ కుటుంబాన్ని విడదీసేవాళ్లు. భర్త ఒక వైపు, భార్య ఒక వైపు, పిల్లలు ఇంకో వైపు.

జర్మనీలోని ఎల్బర్‌ఫెల్డ్ పట్టణం 1853లో వేరే దారి పట్టింది. పట్టణాన్ని చిన్న చిన్న వాడలుగా విడగొట్టి, ఒక్కో వాడకి జీతం తీసుకోని ఒక పౌరుణ్ణి పెట్టారు. ఆయన చేతిలో నాలుగు కుటుంబాలకు మించి ఉండకూడదు. సాయం రెండు వారాలకే మంజూరయ్యేది, మళ్లీ ఇవ్వాలంటే మళ్లీ ఇంటికి వెళ్లి చూడాలి. నిఘా ఇందులోనూ ఉంది. కానీ నాలుగే ఇళ్లు చూసే మనిషికి ఏ పిల్లాడికి జ్వరం వచ్చిందో, ఎవరి పని పోయిందో తెలుస్తుంది. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన అంకె అదే.

1869లో లండన్‌లో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ మొదలైంది. ఒకే కుటుంబం నాలుగు చోట్ల చెయ్యి చాస్తోందేమో అన్నది దాని ప్రధానమైన బెంగ. అందుకే ప్రతి అర్జీ మీదా విచారణ జరిపి, అర్హులు, అనర్హులు అని గీత గీశారు. ఈ ఉద్యమం అమెరికాకు పాకాక బోస్టన్‌లో దానికి ‘భిక్ష కాదు, ఒక స్నేహితుడు’ అన్న నినాదం వచ్చింది. మాట మంచిదే. కానీ రేపు ఇల్లు ఖాళీ చేయాల్సిన తల్లికి కావలసింది అద్దె డబ్బు. అది లేని స్నేహం ఆమెకు సలహాగానే మిగిలిపోతుంది.

ఆ సంస్థల్లోనే పనిచేసిన మేరీ రిచ్‌మండ్ 1917లో ‘సోషల్ డయాగ్నసిస్’ రాశారు. కుటుంబం చెప్పేది ఎలా వినాలి, బంధువుల్ని, బడిని, పని ఇచ్చినవాళ్లని ఎలా అడగాలి, విన్నదాంట్లో దేన్ని నమ్మాలి అన్నవి ఆమె శ్రద్ధగా రాసిపెట్టారు. కేస్‌వర్క్‌కి వృత్తి హోదా రావడంలో ఆమె పాత్ర చాలా పెద్దది. అయినా తల్లులకు ప్రభుత్వమే నెలనెలా డబ్బిచ్చే పథకాల్ని ఆమె వ్యతిరేకించారు. నా దృష్టిలో అది ఆమె చేసిన పెద్ద పొరపాటు.

ఆ పథకాలు ఎలాగూ వచ్చాయి. 1911లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మొదలై, 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంతో దేశమంతటికీ చేరాయి. అయితే పాత గీత వాటి వెంటే వచ్చింది. తల్లి నడవడిక బాగుండాలి, ఇంట్లో మగమనిషి ఉండకూడదు. 1963 జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీ అధికారులు సాయం పొందుతున్న ఇళ్ల మీదకు కేస్‌వర్కర్లను జంటలుగా పంపించారు. ఒకరు ముందు తలుపు దగ్గర, ఇంకొకరు వెనక తలుపు దగ్గర. లోపలికెళ్లి మంచాలు, బీరువాలు, స్నానాల గదులు వెతకాలి. బెన్నీ పారిష్ అనే కేస్‌వర్కర్ వెళ్లనన్నాడు. ఉద్యోగం ఊడింది. 1967లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ సోదాలు రాజ్యాంగ విరుద్ధమని తేల్చి, అతని పక్షాన తీర్పిచ్చింది. చంటిపిల్లలున్న ఇంటిని నిద్రలేపి మంచాలు వెతకడాన్ని కేస్‌వర్క్ అనుకోలేకపోయిన ఆ మనిషి, ఈ వృత్తి పరువు నిలబెట్టాడని నా నమ్మకం.

తర్వాత 1970ల మొదట్లో అమెరికాలో డబ్బు మంజూరు చేసే పనినీ, కుటుంబానికి తోడుండే పనినీ విడదీశారు. సోదా భయం తగ్గింది. కానీ కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లకి ఫారం తప్ప మనిషి కనపడని పరిస్థితి వచ్చింది. ఒక్క కాగితం తక్కువైతే అర్జీ వెనక్కి, అంతే.

రెండింటినీ మళ్లీ కలిపి చూసింది చిలీ. 2002లో మొదలైన చిలీ సాలిడారియో అనే పేదల సాయ పథకంలో, ఏయే కుటుంబాలను తీసుకోవాలో లెక్కల ఆధారంగా ముందే తేలేది. ఇంటికొచ్చే సహాయకులు ఆ తర్వాతే వచ్చేవాళ్లు. రెండేళ్లలో 21 సార్లు, మొదట్లో తరచుగా, పోనుపోను అరుదుగా. చేతికిచ్చే డబ్బు కొంచెమే, అదీ తగ్గుతూ పోయేది. కానీ గుర్తింపు కాగితాలు ఎక్కడ తీసుకోవాలి, ఏ భత్యం తమకు హక్కుగా రావాలి అన్నది ఆ సహాయకులు ఇంట్లోనే కూర్చుని చెప్పేవాళ్లు. ఏది ముందు చక్కబెట్టుకోవాలో ఇంటివాళ్లతో కలిసి ఒక బోర్డు మీద పెట్టి చూసుకునేవాళ్లు.