రాత్రి పదింటికి బయటికొచ్చే పురుగు

రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా అవ్వ వాళ్ళింటి తలుపు చప్పుడైంది. నెల్లూరు రంగనాయకులపేటలో ఆ వేళకి వీధి సగం నిద్రలో ఉంటుంది. గుమ్మంలో ఆశా కార్యకర్త, ఆమె వెనక స్లైడ్ల పెట్టె పట్టుకుని ల్యాబ్ టెక్నీషియన్. బోదకాలు పరీక్షకి రక్తం తీయాలన్నారు. అవ్వ తన ఎడమ కాలు చూపించి, "నాకుండేది కనపడతానే ఉంది గదమ్మా, ఇంకేం పరీక్ష? అయినా పగలు రాకూడదా?" అంది.

"అందరికీ తీస్తామవ్వా. పగలొస్తే పురుగు దొరకదు" అంది ఆమె.

మా పిన్ని కొడుకు వేలు తుడిచి, సూదితో చటుక్కున గుచ్చి, ఆ రక్తాన్ని గాజు పలక మీద మూడు గీతలుగా పరిచారు. దానికి ఒకటి రెండు బొట్లు చాలు. పలకని ఆరబెట్టి, మర్నాడు నీళ్ళలో ఉంచితే ఎరుపంతా పోతుంది. తర్వాత రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. పురుగు పిల్లలుంటే మెలికలు తిరిగిన దారప్పోగుల్లా కనపడతాయి. ఒక్కోటి మిల్లీమీటరులో పావు వంతు పొడవు. వీటినే మైక్రోఫైలేరియా అంటారు.

పగలంతా అవి ఊపిరితిత్తుల్లోని సన్న రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పది నుంచి రెండింటి దాకా చర్మం దగ్గరి రక్తంలోకి వచ్చేస్తాయి. వీటిని ఒకరి నుంచి ఇంకొకరికి మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ వీటిని మనిషి రక్తంలో చూశాడు. 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ ఇవి దోమ ఒంట్లో పెరగడం చూశాడు. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకంజీ ఇంకో తమాషా కనిపెట్టాడు: రోగిని పగలు నిద్రపుచ్చి రాత్రి మేలుకోబెడితే, కొన్నాళ్ళకి పురుగులు కూడా వేళ మార్చుకుని పగలే బయటికొచ్చాయి. అంటే వాటికి గడియారం మన నిద్రే.

మా ఇంట్లో ఫలితాలు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అవ్వ స్లైడులో ఏమీ లేదు. రోజూ గ్రౌండుకెళ్ళి కబడ్డీ ఆడే మా తమ్ముడి స్లైడులో ఉన్నాయి. పిన్నికి టెన్షన్‌తో ఆ రాత్రి అన్నం సయించలేదు. పొరపాటున స్లైడ్లు మారాయేమో అని అందరం అనుకున్నాం. మారలేదు. ఈ జబ్బు తీరే అంత. కాలు లావెక్కే నాటికి చాలామంది రక్తంలో పురుగు పిల్లలు దొరకవు. ఏ వాపూ లేని ఆరోగ్యవంతుడి రక్తంలో అవి వేలకొద్దీ తిరుగుతుండొచ్చు. దోమకి పురుగు అందేది అలాంటివాళ్ళ నుంచే. బోదకాలున్నవాళ్ళ పక్కన కూర్చోవడానికి జంకే జనం, ఆ ఊరి నీళ్ళ వల్ల వస్తుందని సంబంధాలు మానుకునే జనం ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు జంకుతున్నది ఎవరికీ జబ్బు అంటించని మనిషిని చూసి. మా అవ్వ పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసి ఇరవై ఏళ్ళయింది. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

కాలు ఎందుకు వాస్తుందంటే, పెద్ద పురుగులు లింఫు నాళాల్లో, అంటే ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్న గొట్టాల్లో, గూడు కట్టుకుంటాయి. ఆడపురుగు తెల్లటి దారంలా ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లుంటుంది, ఐదారేళ్ళు బతుకుతుంది. అవి ఉన్నచోట నాళం సాగిపోయి, లోపలి కవాటాలు మూసుకోవు. తూము షట్టరు చెడిపోయిన కాలవలో నీళ్ళు ముందుకి పారక నిలిచిపోయినట్టు, కాలిలో నీరు నిలుస్తుంది. గజ్జల్లో బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, తగ్గి, మళ్ళీ వస్తుంది. మగవాళ్ళలో వరిబీజం కూడా దీనివల్లే వస్తుంది. దానికి ఆపరేషన్ ఉంది, సిగ్గుపడి దాచుకోవద్దు.

ఇంత మొండి జబ్బుని అసలు లేకుండా చేయగలమా అంటే, చేయగలం. ఈ పురుగుకి మనిషి తప్ప వేరే ఇల్లు లేదు. దోమ ఒంట్లోకి పది పిల్లలు వెళితే అక్కడ నూరు కావు, పదికి మించి పెరగవు. జబ్బు అంటుకోవాలంటే నెలలు, ఏళ్ళ తరబడి అలాంటి దోమలు కుట్టాలి. కాబట్టి ఊళ్ళో అందరి రక్తంలోనూ పిల్లల్ని ఒకేసారి తగ్గించేస్తే, దోమలున్నా వాటికి మోయడానికి ఏమీ దొరకదు.

ఆ పని చేసేది డీఈసీ (డైఇథైల్‌కార్బమజిన్) మాత్ర. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అది బయటపడినప్పుడు అక్కడ పరిశోధనలకి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఉచితంగా అందే డీఈసీ మాత్రలు విశాఖపట్నం ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి. తెలుగువాళ్ళకి ఇంత దగ్గరి మందుని తెలుగువాళ్ళమే బీరువాలో పడేస్తే ఎలా?

పడేస్తున్నాం మరి. మన దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో 2004 నుంచి ఇంటింటికీ డీఈసీ ఇస్తున్నారు, తర్వాత దానికి ఆల్బెండజోల్ అనే ఇంకో పురుగుల మాత్ర తోడైంది, కొన్నిచోట్ల ఐవర్మెక్టిన్ కూడా కలుపుతున్నారు. "అక్కడ పెట్టి వెళ్ళమ్మా, తిన్నాక వేసుకుంటాం" అంటాం. అందుకే ఆశా కార్యకర్తలు తమ ఎదుటే మింగమంటారు. భోజనం చేసే ఉంటే ఇంకేం అడ్డం? రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, జబ్బుతో మంచాన ఉన్నవాళ్ళకి తప్ప అందరికీ ఇవ్వొచ్చు. మా తమ్ముడికి మొదటి రోజు జ్వరం, తలనొప్పి వచ్చాయి. మందు పడలేదని పిన్ని భయపడింది. నిజానికి ఒంట్లో పురుగులు చస్తున్నప్పుడే అలా అవుతుంది. రక్తంలో ఏమీ లేనివాళ్ళకి సాధారణంగా ఏమీ కాదు.

ఇప్పుడు పగలు కూడా పనికొచ్చే స్ట్రిప్పు పరీక్ష ఉంది. రెండు బొట్ల రక్తం వేస్తే, పెద్ద పురుగు వదిలే పదార్థాన్ని పది నిమిషాల్లో పట్టేస్తుంది. మాత్రలు పంచడం ఆపొచ్చా లేదా అన్నది ఆరేడేళ్ళ పిల్లలకి పరీక్ష చేసి తేలుస్తారు. వాళ్ళు పుట్టిందే మందు పంపిణీ మొదలయ్యాక. వాళ్ళలో దొరికితే జబ్బు ఇంకా పాకుతున్నట్టే. సముద్రం అవతలి శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ గండం దాటేశాయి. మనం 2027 అని గడువు పెట్టుకున్నాం.

పురుగు పోయినా అవ్వ కాలు మాత్రం అలాగే ఉంటుంది. జ్వరం మళ్ళీ మళ్ళీ రావడానికి కారణం వేళ్ళ సందుల్లో ఒరిసిన చోటు నుంచి లోపలికెళ్ళే బ్యాక్టీరియా అని నర్సమ్మ చెప్పాక, అవ్వ రోజూ సాయంత్రం పెరట్లో స్టూలు మీద కూర్చుంటుంది. టబ్బులో మామూలు నీళ్ళు, మగ్గు, సబ్బు. మడతల్లోకి మెత్తగా చెయ్యి పోనిచ్చి కడుగుతుంది, రుద్దదు. పాత నూలు చీర ముక్కతో ఒక్కో వేలి సందూ అద్దుతుంది. కంటికి సరిగా ఆనదు కాబట్టి తడి పోయిందో లేదో చిటికెన వేలితో తడిమి చూసుకుని, ఆయింట్‌మెంట్ రాసి, కాలు ఎత్తి దిండు మీద పెట్టుకుంటుంది. ఈ ఏడాది ఇప్పటిదాకా జ్వరం రాలేదు.