ముందు ఆగేది ఊపిరి, ఆ తర్వాతే గుండె

నల్లమందు నుంచి తీసే నొప్పిమందు మార్ఫిన్ మోతాదు మించిన మనిషిలో మూడు గుర్తులు కనిపిస్తాయని వైద్య విద్యార్థులకు నేర్పుతారు: స్పృహ తప్పడం, కనుపాపలు సూదిమొనంత కావడం, శ్వాస మందగించడం. ఇందులో గుండె ప్రస్తావన లేదు. నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఆడవలసిన ఊపిరి నాలుగైదుకు పడిపోయినా, మణికట్టు పట్టుకుంటే నాడి ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆక్సిజన్ అందక గుండె ఆగిపోయేది ఆ తర్వాతే. మనిషిని బతికించుకోవడానికి దొరికే వ్యవధి ఆ కొద్ది నిమిషాలే.

ఒకే మందు ఊపిరిని అంతగా అణచివేసి, గుండెను దాదాపు వదిలేయడం ఎలా? నల్లమందు, దాని బంధువులైన మందులు (వీటినే ఓపియాయిడ్లు అంటారు) మెదడు కణాల మీది కొన్ని ప్రత్యేక గ్రాహకాలకు (రిసెప్టర్లకు) అతుక్కుంటాయని 1973లో తేలింది. అమెరికాలో క్యాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ ఒకవైపు, ఎరిక్ సైమన్ మరోవైపు, స్వీడన్‌లో లార్స్ టెరేనియస్ విడిగా ఈ సంగతి చూపించారు. గసగసాల మొక్క రసం కోసం మెదడు గ్రాహకాలు సిద్ధం చేసుకుని కూర్చోదు కదా! జవాబు 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో దొరికింది. మెదడు తానే తయారుచేసుకునే, ఇవే గ్రాహకాలకు అతుక్కునే ఎన్‌కెఫాలిన్లను జాన్ హ్యూజ్, హాన్స్ కోస్టర్లిట్జ్ అక్కడ గుర్తించారు.

ఈ గ్రాహకాల్లో మ్యూ, డెల్టా, కప్పా ముఖ్యమైనవి. మన కథలో నాయకుడూ ప్రతినాయకుడూ మ్యూ ఒక్కటే. 1996లో మ్యూ గ్రాహకం లేని ఎలుకలను సృష్టించి మార్ఫిన్ ఇస్తే నొప్పి తగ్గలేదు, అలవాటూ పడలేదు. అలాంటి ఎలుకల్లో ఊపిరి కూడా మందగించదని తర్వాతి ప్రయోగాలు చూపాయి. ఉపశమనమూ ప్రమాదమూ ఒకే చోట పుడుతున్నాయన్నమాట. మందుల కంపెనీలను దశాబ్దాలుగా వేధిస్తున్న చిక్కు ఇదే. ఊపిరిని ముట్టుకోకుండా నొప్పిని మాత్రమే తగ్గిస్తుందన్న ఆశతో రూపొందించిన ఓలిసెరిడిన్‌కు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. శ్వాస ఆగే ప్రమాదముందన్న హెచ్చరిక దాని మీదా అచ్చయింది. ఆ ఆశకు ఆధారమైన ఎలుకల ప్రయోగాలను ఇతరులు మళ్లీ చేస్తే అవే ఫలితాలు రాలేదు. నాకైతే ఆ ప్రచారం మొదటినుంచీ కాస్త తొందరపాటుగానే అనిపించింది.

మ్యూ గ్రాహకం పని చెయ్యగానే నాడీకణంలోంచి పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి రావడం తగ్గుతుంది. కణం మందగిస్తుంది, పక్క కణానికి సంకేతం పంపదు. వెన్నుపాములో ఇలా జరిగితే నొప్పి తగ్గుతుంది. మెదడు కాండంలో జరిగితే ఊపిరి తడబడుతుంది. అక్కడ ప్రీబోట్‌జింగర్ అనే చిన్న కణాల గుంపు మన శ్వాసకు లయ కడుతుంది. దాన్ని 1991లో గుర్తించారు. పక్కనే ఉన్న బోట్‌జింగర్ గుంపుకు ఒక శాస్త్ర సదస్సులో బల్ల మీదున్న జర్మన్ వైన్ సీసా మీది పేరు పెట్టారు, దీనికీ అదే అంటుకుంది. ఊపిరి ఆగడంలో ఈ గుంపు వాటా ఎంత, మెదడు కాండంలోనే కాస్త పైన పాన్స్ అనే భాగంలో ఉన్న కణాల వాటా ఎంత అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

లయ ఒక్కటే కాదు, ఊపిరి తీసుకోవాలన్న తహతహ కూడా చల్లారుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మామూలుగా మనం ఎగశ్వాస తీస్తాం. ఓపియాయిడ్ల ప్రభావంలో మెదడు ఆ పెరుగుదలను పెద్దగా లెక్కచేయదు. కడపటి దశలో ఆయాసంతో అల్లాడే రోగులకు స్వల్ప మోతాదు మార్ఫిన్ హాయినిచ్చేది ఇందువల్లే. ఈ గుణమే ఆపరేషన్ తర్వాత వార్డులో మోసం చేయగలదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉన్న రోగి వేలికి తగిలించిన పరికరం రక్తంలో ఆక్సిజన్ 98 శాతమని చూపిస్తూ ఉంటుంది. లోపల మాత్రం కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతూ ఉంటుంది. ఆ అంకెను చూసి నిశ్చింతగా ఉండేకంటే, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం పాటు లెక్కపెట్టడం మేలు.

ఇక రక్తప్రసరణ. రక్తపోటును కనిపెట్టుకుని ఉండే కేంద్రాలు కూడా మెదడు కాండంలోనే ఉన్నాయి, వాటిలోనూ ఈ గ్రాహకాలున్నాయి. వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం తగ్గుతుంది. రక్తనాళాలను బిగించి ఉంచే సంకేతాలు సడలుతాయి. దీనికి తోడు మార్ఫిన్ వల్ల వెలువడే హిస్టమిన్ అనే రసాయనం నాళాలను వెడల్పు చేస్తుంది. పడుకున్న మనిషిలో ఇదంతా పెద్దగా బయటపడదు. ఒక్కసారిగా లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. శరీరం సొంతంగా వదిలే మార్ఫిన్ లాంటి ఎండార్ఫిన్లే షాక్‌లో రక్తపోటును పడగొడుతున్నాయా అన్న అనుమానం 1978లో వచ్చింది. బ్యాక్టీరియా విషంతో రక్తపోటు పడిపోయిన ఎలుకలకు ఓపియాయిడ్ల పనిని అడ్డుకునే నాలోక్సోన్ అనే మందు ఇస్తే అది మళ్లీ పెరిగింది. షాక్‌లో ఉన్న మనుషుల ప్రాణాలు కాపాడే మందుగా మాత్రం నాలోక్సోన్ నిలబడలేదు.

నాలోక్సోన్ అసలు బలం మోతాదు మించినప్పుడు తెలుస్తుంది. అది గ్రాహకం నుంచి మార్ఫిన్‌ను తోసేసి తాను కూర్చుంటుంది, కానీ కణాన్ని అణచదు. సిరలోకి ఎక్కిస్తే ఒకటి రెండు నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది. మరీ ఎక్కువ ఇస్తే నొప్పి ఒక్కసారిగా తిరగబెట్టి, రక్తపోటు ఎగిసి, అరుదుగా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అందుకే శ్వాస నిలదొక్కుకునేంత వరకే కొద్దికొద్దిగా ఇస్తారు. దాని ప్రభావం అర్ధగంట నుంచి గంటన్నర వరకే ఉంటుంది. మెథడోన్ లాంటి ఓపియాయిడ్లు ఒంట్లో అంతకంటే చాలా ఎక్కువసేపు ఉంటాయి. లేచి కూర్చుని మాట్లాడిన మనిషి గంట తర్వాత మళ్లీ మగతలోకి జారుకుని ఊపిరి ఆపేయవచ్చు. కాబట్టి ఇంటికి వెళ్తానని పట్టుబట్టినా వైద్యులు కొన్ని గంటలపాటు కదలనివ్వరు.