గురి బొటనవేలి నుంచి మణికట్టుకు ఎలా వచ్చింది?

నల్లగొండలో అద్దె గదుల్లో ఉండి చదువుకునే కుర్రాళ్ల మధ్య తరచూ వినిపించే వాదం ఒకటుంది. ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడేటప్పుడు గైరోను, అంటే ఫోన్‌ను తిప్పితే గురి కూడా తిరిగేలా చేసే సెన్సర్‌ను, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలా, స్కోప్ (దూరాన్ని దగ్గరగా చూపే తుపాకీ దుర్భిణి) తెరిచినప్పుడే పనిచేసేలా పెట్టుకోవాలా, లేక పూర్తిగా ఆపేయాలా అన్నది ఆ వాదం. గైరో పెడితే గురి దానంతటదే పక్కకు జారుతోందని కొందరంటారు. అది లేకుండా దూరపు శత్రువును కొట్టడం తమ వల్ల కాదని మరికొందరంటారు. ఇద్దరి మాటా నిజమే. ఎందుకు నిజమో తెలియాలంటే ఈ పరికరాలు నడిచి వచ్చిన దారిని చూడాలి.

చెరువుగట్టు జాతరలో బుడగలు కాల్చే తుపాకీ పట్టినవారికి గురి అంటే కన్ను, గొట్టం, బుడగ ఒకే గీత మీదికి రావడం. తొలినాటి వీడియో గేమ్ తుపాకులు ఆ అనుభూతినే ఇవ్వజూశాయి. 1984 నాటి డక్ హంట్‌లో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం వెలిగేది. గొట్టంలోని కాంతి సెన్సర్‌కు ఆ తెలుపు కనిపిస్తే దెబ్బ తగిలినట్టు లెక్క. చేతి కదలికను ఆ తుపాకీ కొలిచేదే కాదు. పిక్చర్ ట్యూబ్ టీవీలతో పాటే ఆ పద్ధతి కూడా వెనుకబడిపోయింది.

2006లో వచ్చిన నింటెండో ‘వీ’ అనే గేమ్ యంత్రం రిమోట్ ముందుభాగంలో పరారుణ కాంతిని చూసే కెమెరా ఉండేది. టీవీ దగ్గర పెట్టే పట్టీని సెన్సర్ బార్ అని పిలిచేవారు గానీ నిజానికి అందులో సెన్సరేదీ లేదు, రెండు చివరలా వెలిగే పరారుణ దీపాలే ఉన్నాయి. వాటి స్థానాన్ని బట్టి రిమోట్ ఎటు చూస్తోందో తెలిసేది. పట్టీకి బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించినా ఇది పనిచేసేది. అయితే చేయి కాస్త ఎక్కువగా తిరిగి దీపాలు కెమెరాకు కనబడకుండా పోతే గురి మాయమయ్యేది. రిమోట్‌లోని యాక్సెలరోమీటర్‌కు వంపు, కుదుపు తెలుస్తాయి గానీ, పక్కకు మెల్లగా తిరగడం దానికి అందదు. ఆ లోటు తీర్చడానికే 2009లో మోషన్‌ప్లస్ పేరుతో గైరోస్కోప్‌ను విడిగా జోడించారు.

ఈ గైరోస్కోప్ పనితీరును కాస్త నిదానంగా అర్థం చేసుకోవాలి. చిప్‌లో కంపిస్తూ ఉండే అతి చిన్న సిలికాన్ ముక్క, పరికరం తిరిగినప్పుడు పక్కకు నెట్టబడుతుంది. కొరియోలిస్ 1835లో వివరించిన ప్రభావమే అది. ఆ నెట్టుడును బట్టి సెన్సర్ చెప్పేది కోణాన్ని కాదు, సెకనుకు ఎన్ని డిగ్రీల వేగంతో తిరుగుతున్నామన్న సంగతిని. ఆ వేగాలను కూడుకుంటూ పోతేనే కోణం వస్తుంది కాబట్టి ప్రతి చిన్న పొరపాటూ ఆ కూడికలో చేరుతుంది. సెకనుకు అర డిగ్రీ తప్పు ఉంటే నిమిషంలో గురి ముప్పై డిగ్రీలు పక్కకు పోతుంది. మా మేనల్లుడు ఒకసారి ఫోన్‌ను సిమెంటు గట్టు మీద పెట్టి, “మామా, నేను ముట్టుకోలేదు, అదే తిరుగుతుంది చూడు” అని చూపించాడు. తెర మీది గీతల గుర్తు గోడ మీద చీమలా ఎడమకు పాకుతోంది. అప్పటికి గంటసేపటి ఆటతో ఫోన్ వేడెక్కి ఉంది, వేడికి ఈ సెన్సర్ సున్నా స్థానం మారుతుంది. ఫోన్ చల్లబడ్డాక, కదలకుండా చదునుగా ఉంచి కాలిబ్రేట్ చేస్తే, అంటే సెన్సర్ సున్నాను మళ్లీ సరిచేస్తే, జారుడు ఆగింది. గురుత్వాకర్షణ ఆధారంగా పైకీ కిందికీ వచ్చే తప్పును యాక్సెలరోమీటర్ సరిదిద్దగలదు గానీ, కుడిఎడమల తిరుగుడుకు అటువంటి ఆధారం లేదు. అందుకే జారుడు ఎక్కువగా పక్కకే కనబడుతుంది.

అసలు మలుపు సెన్సర్ మెరుగుపడటంతో రాలేదని, పని పంచుకోవడంతో వచ్చిందని నా అభిప్రాయం. 2015లో స్ప్లటూన్ అనే నింటెండో ఆట ఆడేవాళ్లు పెద్ద మలుపులకు కంట్రోలర్ మీద బొటనవేలితో నెట్టే చిన్న పుల్లను, అంటే స్టిక్‌ను, చివరి సర్దుబాటుకు చేతి కదలికను వాడటం అలవాటు చేసుకున్నారు. బొటనవేలు స్టిక్‌ను ఎంత నెట్టితే చూపు అంత వేగంగా తిరుగుతుంది, సరిగ్గా సమయానికి వదలకపోతే లక్ష్యం దాటిపోతుంది. మణికట్టు కదలిక అలా కాదు, తిప్పినంతే తిరుగుతుంది. జిబ్ స్మార్ట్ అనే డెవలపర్ రూపొందించిన ఫ్లిక్ స్టిక్ అనే పద్ధతిలో స్టిక్‌ను ఏ దిక్కుకు నెట్టితే చూపు ఆ దిక్కుకే తిరుగుతుంది, మిగతా పనంతా గైరోదే. ఫోర్ట్‌నైట్ అనే ఆట 2022లో ఈ పద్ధతిని చేర్చుకుంది. వణుకును తగ్గించడానికి కదలికలన్నిటినీ సగటు చేస్తే ఆలస్యం పెరుగుతుంది కాబట్టి, చాలా చిన్న కదలికలను మాత్రమే నునుపు చేసి పెద్దవాటిని ఉన్నదున్నట్టు వదిలేయాలన్న సూచన కూడా ఆయనదే. చేయి ఇబ్బందికరమైన కోణంలోకి పోయినప్పుడు గైరోను క్షణం ఆపే బటన్ మౌస్‌ను ఎత్తి మళ్లీ పెట్టడం లాంటిది.

పాలమూరు, నల్లగొండ పల్లెలకు ఇదంతా కంట్రోలర్ల రూపంలో కాక ఫోన్ల ద్వారానే చేరింది. 2016లో జియోతో డేటా చౌకైంది. 2018లో పబ్జీ మొబైల్ వచ్చింది, 2020 సెప్టెంబరులో నిషేధానికి గురైంది, 2021లో బీజీఎంఐగా తిరిగొచ్చింది. అయితే తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో యాక్సెలరోమీటర్ ఉంటుంది గానీ గైరోస్కోప్ ఉండదు. అలాంటి ఫోన్ పట్టుకున్న కుర్రాడు సెన్సిటివిటీ అంకెలు (కదలికకు గురి ఎంత వేగంగా తిరగాలో చెప్పేవి) ఎన్ని మార్చినా గురి కుదరదు. తోటివారు చేయి చాలదంటే నమ్మేస్తాడు. కొనేముందు ఫోన్ వివరాల్లో గైరోస్కోప్ అన్న మాట ఉందో లేదో ఒకసారి చూసుకుంటే సరిపోయేది.